ఆకు వంతు

మా నాన్న తోటని చెట్లుగా పంచలేదు, ఏళ్ళుగా పంచాడు. పదహారు వరుసల నారింజ తోటకి ఒకే బావి, ఒకే మోటారు. మధ్యలో గీత గీస్తే నీళ్ళ దగ్గర అన్నాచెల్లెళ్ళకి రోజూ గొడవే అని ఆయన భయం. అందుకని ఒక ఏడు తోట మొత్తం అన్నయ్యది, మరుసటి ఏడు మొత్తం నాది అన్నాడు. కాయ కోత అయిపోగానే మోటారు షెడ్డు తాళంచెవి చేతులు మారాలి. ఇంతకంటే న్యాయమైన పంపకం ఇంకెవరూ చెయ్యలేరని ఆయన చివరిదాకా నమ్మాడు. పాపం, ఆ సంగతి చెట్లకి ఎవరూ చెప్పలేదు.

మొదటి వంతు అన్నయ్యకి వచ్చింది. ఆ ఏడు కొమ్మలు నేలకి ఆనేలా కాసింది. మరుసటి ఏడు నా వంతులో చెట్టు కింద నిలబడి కాయలు వేళ్ళ మీద లెక్కపెట్టుకోవచ్చు. ఆ తర్వాత మళ్ళీ అన్నయ్యకి విరగకాపు, మళ్ళీ నాకు ఆకులు. ఎనిమిదేళ్ళు ఇదే వరస. అన్నది కాపు వంతు, చెల్లెలిది ఆకు వంతు అని మా వీధిలో చిన్నపిల్లలు కూడా అనేవాళ్ళు. వంతులు మార్చుకోమని అడగొచ్చుగా అని చాలామంది సలహా ఇచ్చారు. మార్చుకుంటే ఆకులు అన్నయ్యకి వెళ్తాయి, అంతే కదా. ఒకరి నోటి ముందు కంచం తీసి నా ముందు పెట్టుకోవడం నాకు అక్కర్లేదు. ఏటా కాసే తోట కావాలి నాకు.

అలాగని ఊరికే కూర్చునే రకాన్ని కాదు నేను. నా వంతు రావడమే ఆలస్యం, కత్తెర పట్టుకుని తోటలో పడేదాన్ని. చెట్టు కాసీ కాసీ అలిసిపోయింది, కొత్త బలం రావాలంటే బాగా కత్తిరించాలని నా లెక్క. నెలరోజులు చేతులు పొక్కులెక్కేలా కోసేదాన్ని. మా వదిన నాకు కత్తెరమ్మ అని పేరు పెట్టింది కూడా అందుకే. అన్నయ్య మాత్రం తన వంతులో ఒక్క రెమ్మ కూడా కోసేవాడు కాదు. "కాసే కొమ్మని ఎవడైనా కోస్తాడా?" అనేవాడు. పైగా, తనకి అంత కాయడం చూసి, "కొందరి చెయ్యి అలాంటిది మరి," అని అరచెయ్యి తిప్పి చూసుకునేవాడు. ఆ చెయ్యి చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

నేను చెప్పబోయేది నా నాలుగో వంతు చివర మొదలైంది.

తోట మలుపు దగ్గర ఒక చెట్టుంది. అంతకుముందు ఏడు అన్నయ్య వంతులో, ఇంకా పూత రాకముందు, ఎరువు తెచ్చిన లారీ వెనక్కి వస్తూ ఆ చెట్టు పడమటి సగాన్ని విరిచేసింది. డ్రైవర్ని అన్నయ్య అనని మాట లేదు. తర్వాత నా వంతు వచ్చినప్పుడు, ఎలాగూ దెబ్బ తిన్నదే కదా పాపం అని ఆ సగానికి నేను కత్తెర పెట్టలేదు. ఇప్పుడు తోటంతా బోసిగా ఉంటే ఆ చెట్టు పడమటి సగం మాత్రం నిండుగా కాసింది. తూర్పు సగంలో ఒక్క కాయ లేదు.

మా ఆయన మధ్యాహ్నం భోజనం క్యారియరు తెచ్చి, ఆ చెట్టుని చూసి, "లారీలోంచి ఎరువు ఒలికి ఉంటుంది," అన్నాడు. ఆయనకి సైకిళ్ళ షాపు. చైను తెగిందా, ట్యూబు పోయిందా అన్నంత తేలిగ్గా లోకంలో అన్నిటికీ కారణం చెప్పేస్తాడు.

"ఎరువు ఒలికితే చెట్టంతా కాయాలి. సగమే ఎందుకు కాస్తుంది?" అన్నాను.

"అయితే లారీనే అడుగు."

ఆయన హాస్యానికే అన్నాడు గానీ, నాకు నిజంగానే నిచ్చెన ఎక్కి చూడాలనిపించింది. ఎక్కి ఒక్కో కాయ దగ్గర వేలు పెట్టి వెనక్కి నడిచాను. కాయ నుంచి రెమ్మ, రెమ్మ నుంచి కొమ్మ, కొమ్మ నుంచి లారీ విరిచిన చోటు. ఇంకో కాయ పట్టుకున్నాను, అదీ అక్కడికే చేరింది. ఇరవై, ముప్ఫై కాయలు అలా చూశాను. కాయ ఉన్న ప్రతి రెమ్మా లారీ దెబ్బ తిన్న తర్వాత ఆ గాయం పక్కనుంచి మొలిచిందే. అన్నయ్య వంతులో మొలిచి, నా వంతులో కాశాయి.

నిచ్చెన మెట్టు మీదే కూర్చుండిపోయాను. నారింజ ఈ ఏడు మొలిచిన రెమ్మ మీద వచ్చే ఏడు పూస్తుంది. ఇది తోట ఉన్న ప్రతివాళ్ళకీ తెలిసిందే, నాకూ తెలుసు. తెలిసి కూడా కలిపి చూసుకోలేదు. అన్నయ్య వంతులో చెట్టు కాయలు మొయ్యడంతోనే సరిపెట్టుకుంటుంది, కొత్త రెమ్మ పెట్టే ఓపిక దానికి ఉండదు. కాబట్టి నా వంతుకి పూయడానికి రెమ్మలే ఉండవు. ఆ ఉన్న కాసిని కూడా నేనే కోసి పారేస్తాను. కాయ బరువు లేని చెట్టుని పైగా కత్తిరిస్తే అది ఊరుకుంటుందా? గుబురుగా కొత్త రెమ్మలు పెడుతుంది. అవన్నీ పూసేది మరుసటి ఏడు. మరుసటి ఏడు ఎవరిది?

ఇదంతా మా ఆయనకి చెప్పాను. ఆయన కాసేపు నా వంక చూసి, తర్వాత చెట్టు వంక చూసి, నవ్వడం మొదలుపెట్టాడు. కింద చతికిలబడి కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు.

"అంటే ఎనిమిదేళ్ళుగా మీ అన్నయ్య తోటకి కూలి అడగని పనిమనిషివి నువ్వేనన్నమాట!"

"నవ్వింది చాలు. నిచ్చెన పట్టుకో, దిగుతాను."

"దిగి?"

"దిగి అన్నయ్య దగ్గరికెళ్తాను. కత్తిరించాల్సింది నా వంతులో కాదు, తన వంతులో."

ఆయన నవ్వు ఆగిపోయింది. "బాగా కాసే ఏడాదిలో చెట్లు కోస్తానంటే మీ అన్నయ్య నిన్ను కోస్తాడు," అన్నాడు.

తాళంచెవి అప్పగించడానికి వారం తర్వాత అన్నయ్య ఇంటికి వెళ్ళాను. ముందు గదిలో వదిన ఉతికిన దుప్పట్లు మడతపెడుతోంది. నన్ను చూడగానే, "మంచి సమయానికి వచ్చావు, ఆ కొస పట్టుకో," అంది. పట్టుకున్నాను. అన్నయ్య కుర్చీలో కూర్చుని తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

"ఈ ఏడు ఎన్ని బుట్టలు?" అన్నాడు.

"ఇరవై రెండు. అందులో మూడు ఆ లారీ చెట్టువే."

అన్నయ్య నిట్టూర్చాడు. "చూడమ్మాయ్, ఒక మాట చెప్తాను. కోపం తెచ్చుకోకు."

మా అన్నయ్య ఈ ముక్క అన్నాడంటే కోపం తెచ్చుకోవలసిన మాటే వెనకాల వస్తోందని అర్థం.

"నీకెందుకీ అవస్థ? చేతులు చూసుకో ఎలా ఉన్నాయో. నీ వంతు కూడా నేనే చూసుకుంటాను. తోట నాకొదిలెయ్. ఏటా నీకు చెయ్యాల్సింది చేస్తాను."

ఆయన మంచికే అన్నాడు. అందులో ఇంకే ఉద్దేశం లేదని ఒట్టేసి చెప్పగలను. కానీ 'చెయ్యాల్సింది' అనే ఆ మాట నాకు గుచ్చుకుంది. నా చేతులతో పెంచిన చెట్ల దగ్గరికి చుట్టపుచూపుగా వెళ్ళి, ఒక సంచి కాయలు పెట్టిస్తే తీసుకుని రావాలన్నమాట.

"తోట వదలను," అన్నాను. "నీ వంతులో నన్ను చెట్లు కత్తిరించనివ్వు."

దుప్పటి రెండో కొస పట్టుకున్న వదిన చేతులు ఆగాయి.

నేను మలుపు చెట్టు సంగతి అంతా చెప్పాను. పూత కొమ్మల్లో మూడింట ఒకటి తీసేస్తే మిగిలిన కాయ పెద్దదవుతుందని, తీసిన చోట కొత్త రెమ్మలు వస్తాయని, అవి నా వంతులో పూస్తాయని, ఆ తర్వాత చెట్టు ఏటా సమంగా కాస్తుందని చెప్పాను. ఉత్సాహంలో ఇంకో మాట కూడా అన్నాను. ఇన్నేళ్ళూ అంత విరగకాపు రావడానికి కారణం నా వంతులో నేను వేసిన కత్తెరేనని.

అన్నయ్య మొహం మాడిపోయింది. "అంటే నాకు కాసిందంతా నీ పుణ్యమా?"

"పుణ్యం కాదు, పొరపాటు."

"నేను నీళ్ళు పెట్టలేదూ? మందు కొట్టలేదూ? ఎండలో నిలబడి కలుపు తీయించలేదూ?"

"చేశావు. నా వంతులో నేనూ అవన్నీ చేశాను. నాకెందుకు కాయలేదు మరి?"

అన్నయ్య అరచేతిని మోకాలి మీద బోర్లా పెట్టుకుని కూర్చున్నాడు. నేను చెప్పింది నిజమే. కానీ నిజం చెప్పేటప్పుడు ఎదుటి మనిషి మొహం కూడా చూసుకోవాలని నలభై రెండేళ్ళు వచ్చినా నాకు తెలియలేదు. కాయలు పోతాయని కాదు ఆయన బాధ. ఎనిమిదేళ్ళుగా తన చెయ్యి మంచిదనుకున్న మనిషికి, కాదు, అది నీ చెల్లెలి తెలివితక్కువతనం అని చెప్పాను నేను.

"కుదరదు," అన్నాడు చివరికి. "నా వంతులో ఒక్క కొమ్మ తెగకూడదు."

వదిన దుప్పటిని గట్టిగా ఒక్క లాగు లాగి ముడత తీసింది. "ఎనిమిది వరుసలివ్వండి," అంది.

"నువ్వు కూడానా?"

"సగమే కదా. బావి వైపు ఎనిమిది ఆవిడ కోసుకుంటుంది, రోడ్డు వైపు మొదటి ఎనిమిదీ మీరు మామూలుగా ఉంచుకోండి. కత్తెరమ్మ చెప్పింది తప్పయితే కొంత కాపు పోతుంది."

"తప్పు కాకపోతే?"

"కాకపోతే ఆ మాట మీరు నోటితో ఒప్పుకోవాలి. మీకు కాపు పోవడం కన్నా అదే కష్టం."

నేను నవ్వు ఆపుకోవడానికి దుప్పటిలో మొహం దాచుకున్నాను. అన్నయ్య చూడనే చూశాడు. లేచి నిలబడి, "సరే, ఎనిమిదే. అవి దాటి ఇంకో వరుసలో పడ్డావంటే ఊరుకోను," అన్నాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "ఒక షరతు. పై ఏడు నీ వంతులో ఆ ఎనిమిది వరుసలూ పూయకపోతే తోట నాకొదిలెయ్యాలి. మళ్ళీ మాట మార్చకూడదు," అన్నాడు.

"మార్చను," అన్నాను. అనేశాక దుప్పటి మడత నా వైపు వంకరగా వచ్చింది. వదిన విప్పి మళ్ళీ మడత పెట్టించింది.

చలి తగ్గక ముందే పని మొదలుపెట్టాను. ఒక కత్తెర, ఒక చేతి రంపం, నిచ్చెన, డబ్బాలో మైలుతుత్తం ముద్ద. మొదట ఎండు పుల్లలు తీస్తాను, ఇది ఎవరికీ నొప్పి కలిగించని పని. తర్వాత ఒకదాన్నొకటి రాసుకునే కొమ్మలు. తర్వాత చెట్టు నడిమధ్య నుంచి నిటారుగా పైకి పోయే ముళ్ళ కొమ్మలు, అవి తినడమే తప్ప కాయవు. అక్కడితో చెట్టు శుభ్రంగా కనిపిస్తుంది, చాలామంది అక్కడే దిగిపోతారు. అసలు ధైర్యం ఆ తర్వాత కావాలి. నిండు మొగ్గ మీదకి రాబోయే మంచి రెమ్మల్ని చూస్తూ చూస్తూ మూడింట ఒకటి కోసెయ్యాలి. చెట్టు కింద నిలబడితే నా జాకెట్టు చేతుల మీద ఎండ చుక్కలుగా పడాలి, అంతవరకూ కోస్తాను. పెద్ద గాయాలకి తుత్తం ముద్ద రాసేసరికి సాయంత్రానికి నా వేళ్ళు నీలంగా ఉండేవి. ఎన్నిసార్లు కడిగినా పోయేది కాదు, అన్నం కూడా చెంచాతో తిన్నాను పది రోజులు.

రోడ్డు వెంట పోయేవాళ్ళకి నేను మంచి కాలక్షేపమయ్యాను. పోస్ట్‌మ్యాన్ సైకిలు ఆపి, "ఏంటమ్మా, అన్నగారి మీద కోపం చెట్ల మీద తీర్చుకుంటున్నారా?" అన్నాడు.

"కోపముంటే మొదట్లోకి నరికేదాన్ని. ఇది ప్రేమే," అన్నాను.

మూడోరోజు అన్నయ్య వచ్చాడు. వరుసల మధ్య పడున్న కొమ్మల్లోంచి ఒకటి తీసి, కళ్ళద్దాలు పైకి తోసి, మొగ్గ రాబోయే కణుపులు లెక్కపెట్టాడు. పెదవులు కదుపుతూ చివరిదాకా లెక్కపెట్టాడు.

"ఈ ఒక్కదానిలో యాభై కాయలున్నాయి," అన్నాడు.

"ఉన్నాయి. గోలీకాయలంత."

ఆయన ఆ కొమ్మని పారెయ్యకుండా చేత్తో పట్టుకునే ఇంటికి వెళ్ళిపోయాడు. నేను నిచ్చెన మీదనుంచి చూస్తూ ఉండిపోయాను. అప్పుడు నిజంగా భయమేసింది. నేను చూసింది ఒక్క చెట్టు, అందులోనూ సగం. ఆ సగం చెట్టుని నమ్ముకుని నేను మా అన్నయ్య ఎనిమిది వరుసల చెట్లు కోస్తున్నాను. భయమేసినా చెయ్యి ఆగలేదు. ఒకసారి మొదలుపెట్టిన చెట్టుని సగంలో వదిలేస్తే అటూ ఇటూ కాకుండా పోతుంది. ఆ మాట నాకు నేనే చెప్పుకుని తర్వాతి కొమ్మకి వెళ్ళాను.

పూత వచ్చింది. రోడ్డు వైపు ఎనిమిది వరుసల్లో ఆకు కనిపించనంత తెల్లగా పూసింది. వాసన మా ఆయన షాపు దాకా వెళ్ళింది. బావి వైపు నా వరుసల్లో అక్కడొక గుత్తి, ఇక్కడొక గుత్తి. చూసినవాళ్ళు ముందు అటు చూసి ఆహా అనేవాళ్ళు, తర్వాత ఇటు చూసి నాకేసి చూసి ఊరుకునేవాళ్ళు. ఏమైనా అని ఉంటే బాగుండేది.

అన్నయ్య నాతో మాట్లాడటం మానేశాడు. ఏదైనా చెప్పాలంటే మా ఆయన షాపుకి వెళ్ళి, "బావా, మీ ఆవిడకి చెప్పు, రేపు పొద్దున మోటారు నేను వేస్తాను," అనేవాడు. మా ఆయన పంచరు వేస్తూ, "ఆవిడ ఇక్కడే ఉంది బావగారూ," అనేవాడు. నేను ఆ పక్కనే స్టూలు మీద కూర్చుని ఉండేదాన్ని. అన్నయ్య నాకేసి చూడకుండా, "ఉంటే నువ్వే చెప్పు," అని వెళ్ళిపోయేవాడు. రోజూ సాయంత్రం తోటకి వచ్చి తన ఎనిమిది వరుసల్లోనే తిరిగేవాడు, నా వరుసలు వచ్చేసరికి పక్కకి తిరిగి దగ్గేవాడు.

నేను మాత్రం పూత వంక చూడలేదు. నేను చూస్తున్నది వేరే. కోసిన ప్రతి చోటా రెండేసి మూడేసి లేత రెమ్మలు మొలిచాయి. ఎండలు ముదిరేసరికి అవి జానెడు పొడుగై, ఆకు ముదురు రంగుకి తిరిగి, గట్టిపడ్డాయి. రోడ్డు వైపు చెట్లలో కొత్త రెమ్మ కోసం వెతికితే చెట్టుకి నాలుగు కూడా దొరకలేదు. వాటికి కాయలు మొయ్యడమే పనైపోయింది. గుత్తులు గుత్తులుగా వేళ్ళాడుతున్న కాయలకి అన్నయ్య ఊతకర్రలు పెట్టించాడు. అయినా ఒక మధ్యాహ్నం గాలికి మూడో వరుసలో పెద్ద కొమ్మ ఒకటి మొదలు దాకా చీలిపోయింది. ఆ చప్పుడుకి బావి దగ్గరున్న నేను పరిగెత్తాను. అన్నయ్య అప్పటికే కొమ్మకి భుజం ఆనించి నిలబడ్డాడు, అతుక్కుంటుందేమోనన్నట్టు. నేను రెండో వైపు భుజం పెట్టాను. ఇద్దరం కాసేపు అలాగే నిలబడ్డాం. కాయలు మా ఇద్దరి తలల మీదా రాలుతున్నాయి.

"వదిలెయ్ అన్నయ్యా, అది పోయింది," అన్నాను.

"తెలుసు," అన్నాడు. మూడు నెలల తర్వాత నాతో సూటిగా అన్న మొదటి మాట అది.

కాయ కోతకి వ్యాపారి వచ్చాడు. ఆయన దగ్గర ఒక ఇనుప రింగు ఉంటుంది, దానితోనే మాట్లాడతాడు. కాయ రింగు మీద నిలబడితే పెట్టెలోకి, రింగులోంచి జారితే రసం తీసే కుప్పలోకి. ప్రతిసారీ అన్నయ్య వంతులో ఆ కుప్ప చూస్తే గుండె తరుక్కుపోయేది, కాసినదాంట్లో సగం పైన అందులోకే వెళ్ళేది. ఈసారీ రోడ్డు వైపు కాయలు జారుతూనే ఉన్నాయి. వ్యాపారి చూడకుండానే చేత్తో పని చేస్తున్నాడు, టక్, టక్ అని కింద పడుతున్నాయి.

బావి వైపు బుట్టలు వచ్చాయి. మొదటి కాయ రింగు మీద నిలబడింది. రెండోది నిలబడింది. వ్యాపారి పది కాయలు పెట్టాడు, పదీ నిలబడ్డాయి. రింగుని ఒకసారి తిప్పి చూసుకున్నాడు, ఎవరైనా మార్చారేమోనని. ఇంకో బుట్ట తెప్పించాడు.

"ఈ వరుసలు ఎవరివండీ?" అన్నాడు.

వదిన అన్నయ్య వంక చూసింది. నేనూ చూశాను.

"నావే," అన్నాడు అన్నయ్య.

ఆ వంతు ఆయనదే కాబట్టి అందులో అబద్ధం లేదు. అయినా నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, కోపంతో. ఒక్క ముక్క, మా చెల్లెలు కత్తిరించింది అని ఒక్క ముక్క అంటే ఏం పోయేది? చేతిలో ఉన్న బుట్టని అక్కడే దించి ఇంటికి వచ్చేశాను. ఆ రాత్రి మా ఆయన, "కాయ పెద్దదైంది కదా, ఇక నువ్వు గెలిచినట్టే," అన్నాడు. ఇంకా లేదన్నాను. పెద్ద కాయ కాదు మా షరతు. నా వంతులో పూత.

తాళంచెవి అన్నయ్య తనే తెచ్చి ఇచ్చాడు. లోపలికి రాలేదు, గుమ్మంలో నిలబడే ఇచ్చాడు. ఎనిమిదేళ్ళ అలవాటు కదా, తాళంచెవి చేతిలో పడగానే నా కుడిచెయ్యి కత్తెర కోసం వెతికింది. ఈ ఏడు ముట్టుకోకూడదు. ముట్టుకుంటే చేసిందంతా మళ్ళీ నా చేత్తో నేనే తుడిచేసినట్టు. నాకు నామీద నమ్మకం లేక కత్తెరని మా ఆయన షాపులో ఇచ్చి, అడిగినా ఇవ్వొద్దని చెప్పాను. రెండుసార్లు అడిగాను. ఆయన రెండుసార్లూ సైకిలు పంపు ఇచ్చి పంపాడు.

రోజూ పొద్దున్నే తోటకి వెళ్ళి వరుసలన్నీ తిరిగేదాన్ని. మొదటి వారం ఏమీ లేదు. రెండో వారం ఏమీ లేదు. మూడో వారం పదో వరుసలో ఒక రెమ్మ కణుపు దగ్గర ఆవగింజంత తెల్లటిది కనిపించింది. కళ్ళు దగ్గరగా పెట్టి చూశాను. పక్క కణుపులో ఇంకోటి. పక్క రెమ్మలో నాలుగు. ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకి కూడా. ఇంకో పది రోజులు ఆగాను. చెప్పాల్సిన మాటలు మాత్రం వరసగా సిద్ధం చేసుకున్నాను. అన్నయ్యని పిలిచి, తొమ్మిదో వరుస దగ్గర నిలబెట్టి, ఒక్కొక్కటే అందామనుకున్నాను. ఏడాది పాటు మనసులో నూరుకున్న మాటలు అవి.

నేను పిలవకముందే ఆయన వచ్చాడు. వదిన కూడా వెనకాలే వచ్చింది. రోడ్డు వైపు ఎనిమిది వరుసలు పచ్చగా, శుభ్రంగా, ఒక్క పువ్వు లేకుండా ఉన్నాయి. బావి వైపు ఎనిమిది వరుసలూ పూశాయి. విరగబూత కాదు, ఆకూ కనిపిస్తోంది, పువ్వూ కనిపిస్తోంది. చెట్టు మొయ్యగలిగినంత పూత.

అన్నయ్య తొమ్మిదో వరుసలో దిగి పదహారో వరుస దాకా నడిచాడు. అక్కడినుంచి వెనక్కి వచ్చి మొదటి ఎనిమిది వరుసలూ తిరిగాడు. ప్రతి చెట్టు దగ్గరా తల పైకెత్తి చూశాడు. తిరిగి నా దగ్గరికి వచ్చేసరికి ఆయన మొహం ఎర్రగా కందిపోయి ఉంది.

"అసలు నీకు బుద్ధుందా?" అన్నాడు.

"ఏమైంది?"

"నిరుడు ఆ ఎనిమిదీ కొయ్యకుండా ఎందుకొదిలేశావు?"

"నువ్వే వద్దన్నావుగా."

"నేను వద్దంటే మానేస్తావా? చిన్నప్పటినుంచీ నేను వద్దన్న పని ఏది మానేశావు నువ్వు? గోడ ఎక్కొద్దంటే ఎక్కావు. ఆ సైకిలు షాపు వాణ్ణి చేసుకోవద్దంటే చేసుకున్నావు. నా మాట వినడానికి నీకు ఈ ఎనిమిది వరుసలే దొరికాయా?"

వదిన చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను సిద్ధం చేసుకున్న మాటల్లో ఒక్కటి కూడా నోటికి రాలేదు. ఏడుపొచ్చింది. ఏ వంతులోనూ, ఎన్ని ఆకులు చూసినా ఏడవని దాన్ని, పూత మధ్యలో నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాను.

అన్నయ్య కంగారుపడ్డాడు. "ఏడవమన్నానా నేను? పూసినందుకు ఏడుస్తారా ఎవరైనా?" అని వదిన వంక తిరిగి, "చూస్తావేంటి, ఏదో ఒకటి చెప్పు," అన్నాడు. ఆయన కాసేపు కాళ్ళ దగ్గర మట్టిని చెప్పుతో రాసి, "పై ఏడు ఆ ఎనిమిదీ నేనే కోస్తాను. ఎక్కడ కొయ్యాలో చూపించు," అన్నాడు.

"ఇప్పుడా?" అన్నాను ముక్కు తుడుచుకుంటూ.

"మరెప్పుడు? నీ దగ్గర నేర్చుకోవడానికి నాకు ఏడాదైనా పడుతుంది."

మొదటి వరుస మొదటి చెట్టు దగ్గరికి వెళ్ళాం. నేను ఒక కొమ్మ వంచి కణుపు మీద వేలు పెట్టాను. ఆయన కళ్ళద్దాలు పైకి తోసి, తలకాయ నా తలకాయకి తగిలేలా వంగి చూశాడు. "ఇక్కడా?" అన్నాడు. ఇంకొంచెం కిందకి అన్నాను. ఆయన తన వేలు కిందకి జరిపి, సరిపోయిందా అన్నట్టు నా వంక చూశాడు. ఇంకా ఒక్కటి తేలాల్సి ఉంది, అది నేనే అడిగాను.

"మరి తోట నీకొదిలెయ్యమన్నావు కదా?"

"ఎవరన్నారు?" అన్నాడు మా అన్నయ్య, కొమ్మ మీంచి చూపు తిప్పకుండా.